దస్తగిరి కిలోరాయి

పరీక్షకు ఇచ్చిన పదకొండు కాటాలూ తప్పినాయని చెబితే దస్తగిరికి మొదట నవ్వొచ్చింది. ప్రొద్దుటూరులో ముప్ఫై ఎనిమిదేళ్లుగా కాటాలు బాగుచేస్తున్న మనిషి ఆయన. కూరగాయల మార్కెట్లో గానీ మటన్ అంగట్లో గానీ కాటా మొరాయిస్తే జనం ముందు దాని నెత్తిన ఒకటి తడతారు, దానికీ లొంగకపోతే దస్తగిరికి ఫోన్ చేస్తారు. అటువంటి చేతిలో ఒకటో రెండో తప్పినాయంటే ఒప్పుకోవచ్చు. పదకొండుకు పదకొండా?

“మీ మిషనే తిక్కతిక్కగా చూపిస్తాందేమో చూడు పాపా,” అన్నాడు.

“మిషన్ పొద్దున్నే చెక్ చేసినాం తాతా,” అంది నందిని. జమ్మలమడుగు రోడ్డులో కొత్తగా తెరిచిన ప్రైవేటు పరీక్షా కేంద్రంలో ఇంజినీరు ఆ పిల్ల. రాజుపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. “అన్నీ తప్పినాయి. అదీ ఒకటే తప్పు. ఐదు గ్రాములు ఎక్కువ పెడితేగానీ కిలో అని చూపించడం లేదు.”

దస్తగిరి నవ్వు ఆడికాడికి ఆగిపోయింది.

ఇదివరకు ఈ బాధ లేదు. తూనికల ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చేవాడు, మార్కెట్టు పక్కన బల్ల వేసుకొని కూర్చునేవాడు, కాటాలన్నీ ఆయన ముందుకు వచ్చేవి. తక్కువ తూగే కాటా మీద కేసు, మిగతా వాటి మీద ముద్ర. ఇప్పుడు చట్టం మారింది. ముద్ర వేసే పని ప్రైవేటు పరీక్షా కేంద్రాలకు కూడా ఇచ్చారు. ఏ కాటాను ఎవరు బాగుచేశారో, ఎంత తేడా ఉందో కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. పదకొండు కాటాలను పక్కపక్కన నిలబెట్టి చూసే ఓపిక మనుషులకు ఎప్పుడూ లేకపోయింది. కంప్యూటరుకు వేరే పని లేదు. పైగా దస్తగిరి రిపేరు లైసెన్సు ఈ నెలాఖరుతో అయిపోతుంది. కొత్తది రావాలంటే ఆయన పేరు మీద తప్పులేవీ మిగలకూడదు. లైసెన్సు లేకుండా కాటా మూత విప్పితే అదే నేరం.

“మీరు దేంతో సెట్ చేస్తారు తాతా? ఆ రాయి ఒకసారి ఇయ్యండి.”

దస్తగిరి సంచిలో చెయ్యి పెట్టి, కాసేపు ఏదో వెతుకుతున్నట్టు కదిపి, చివరికి నల్లటి ఇనుప కిలోరాయి తీసి బల్ల మీద పెట్టాడు. నందిని దాన్ని మిషన్ మీద పెట్టింది. వెయ్యిన్ని ఐదు గ్రాములు.

కిలో మన వైపుకు వచ్చింది నిన్నగాక మొన్న. అంతకు ముందు ఊరికో శేరు, అంగడికో వీశె. ఇంకా వెనక్కి పోతే, పాత గుళ్ల గోడల మీద పొలం కొలిచే కోల ఎంత పొడుగుండాలో గీత చెక్కి పెట్టేవారు. తగాదా వస్తే రెండు పక్షాలవాళ్లూ పోయి కోలను ఆ గీతకు ఆనించి చూసుకునేవారు. ఆ రాతిగోడకు దరఖాస్తు పెట్టుకోవాల్సిన పని లేదు, సర్వర్ డౌన్ అనే మాటా లేదు. అరవైల మొదట్లో కిలోరాళ్లు దిగినప్పుడు దస్తగిరి నాయన పీర్ సాహెబ్ తక్కెళ్లు సరిచేసేవాడు. చాపాడు నుంచి సంతకు వచ్చిన ఆడవాళ్లు కొత్తరాయిని చేత్తో ఎత్తి చూసి, “ఇది వీశెకు చాలదు, మమ్మల్ని ముంచేకి తెచ్చినారు” అని మొహాన చెప్పి పోయేవారు. చాలదు మరి. వీశె అంటే దాదాపు కిలోన్నర. రాయితో పాటు ధర కూడా తగ్గిందని ఎంతమందికి చెప్పగలడు? ఇనుప రాయి అడుగున చిన్న గుంట ఉంటుంది, బరువు సరిపెట్టడానికి అందులో సీసం పోస్తారు. పీర్ సాహెబ్ తన సొంత రాయిలో ఒక చుక్క సీసం ఎక్కువ పోశాడు. “తూకం మీద అనుమానం పుడితే అన్నం కూడా అరగదురా. కొనేవాని వైపు రవ్వంత మొగ్గనీ,” అని కొడుకుకు చెప్పాడు. తక్కెళ్లు పోయాయి, కరెంటు కాటాలు వచ్చాయి. దస్తగిరి వాటినీ ఆ రాయితోనే సరిచేస్తూ వచ్చాడు. తెలిసే చేశాడు.

అదంతా చెప్పి, “ఎవునికి తక్కువైంది పాపా? ఏ ఇల్లు మునిగింది?” అని అడిగాడు.

“తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే తాతా. రూల్లో రెండు పక్కలా ఉంది.”

“మోసం చేసినోన్నీ మేలు చేసినోన్నీ ఒకే గాట కట్టేస్తే అదేం రూలు?”

“నేను రాసినానా ఆ రూలు? నన్ను అరిస్తే ఏమొస్తాది?” అంటూ నందిని నోటీసు ప్రింటు తీసింది. రాయిలో ఎక్కువ సీసం తీసేయాలి. దానితో సరిచేసిన కాటాలన్నీ పదిహేను రోజుల్లో మళ్లీ సరిచేయాలి. తేడా సంగతి సొంతదారులకు చెప్పి, తెలిసినట్టు ఒక్కొక్కరి దగ్గర సంతకం తేవాలి.

ఇంటికొచ్చి ఆ నోటీసు భార్య మైమూన్ ముందర పడేశాడు. ఆమె చదివి పక్కన పెట్టింది. “మీ నాయన రాయి అని దాన్ని నెత్తిన పెట్టుకొని ఊరేగితివి గదా. ఇప్పుడు సంతకాలకు తిరుగుపో.”

తిరిగాడు. ఎండలో పాత స్కూటరు మీద. ఒకడు సంతకం పెడితే ఆస్తి రాయించుకుంటాడేమోనని భయపడ్డాడు. ఇంకొకడు, “మామా, ఐదు గ్రాములు ఎక్కువా? అయితే ఇన్నాళ్లూ నేను దానకర్ణున్నన్నమాట!” అని నవ్వి వేలిముద్ర వేశాడు. పదమూడో రోజు, తను బాగుచేసిన కాటా ఏదీ వదలకూడదని పులివెందుల దాకా పోయాడు. అక్కడ రామాంజులు అనే చీనీ, అంటే బత్తాయి కాయల వ్యాపారి కాటాను రెండేళ్ల కిందట బాగుచేశాడు. అది వేయింగ్ ప్లాట్‌ఫారం, బస్తాలు తూచే పెద్ద కాటా. దాన్ని ఇరవై కిలోల రాళ్లతో సరిచేస్తారు, నాయన రాయికి అందులో పని లేదు. పెట్టిచూస్తే గ్రాము తేడా లేదు. కొత్త ముద్ర తళతళ మెరుస్తోంది. దస్తగిరి చూస్తుండగానే ఒక రైతు టన్ను కాయలు దించాడు. కాటా టన్ను అనే చూపించింది. రామాంజులు తొమ్మిది వందల కిలోలకు చీటీ రాసిచ్చాడు. మిగతా వంద ‘సూటు’, అంటే తరుగు కింద కోత. తాతల నాటి వాడుక అట.

“ఇదేందప్పా?” అన్నాడు దస్తగిరి.

“కాటాలో ఏమన్నా తప్పుందా?”

“కాటాలో లేదు.”

“మరింకేంది మామా, టీ తాగిపో.”

దస్తగిరి టీ తాగలేదు. దారి పొడుగునా స్కూటరుతో గొణుగుతూ వచ్చాడు. వంద కిలోలు మింగినోడు పరీక్షలో పాసు, ఐదు గ్రాములు పెట్టినోడు ఫెయిలు. ఆ కోపం ఎవరి దగ్గరైనా దించుకోవాలి. మార్కెట్లో చిన్నసుబ్బమ్మ దగ్గర దించుకుందామని నేరుగా అక్కడికే పోయాడు. గొర్రెలు మేపే ఇంటి మనిషి ఆమె. మంద అమ్మేసినాక పదిహేనేళ్లుగా టమోటాలు, మిరపకాయలు అమ్ముతోంది. మొదటి కాటా కొనిపించింది దస్తగిరే. ఆమె ‘అన్నా’ అని పిలిస్తే సొంత అన్నే.

ఆమెకు అంతా చెప్పాడు: నాయన రాయి, చాపాడు ఆడవాళ్లు, రామాంజులు సూటు. ఆమె “అయ్యో, ఏం కాలమొచ్చె అన్నా” అంటుందని ఎదురుచూశాడు.

చిన్నసుబ్బమ్మ చేతిలో టమోటాను గంపలో పెట్టింది. “అంటే పదిహేనేండ్లుగా నా కాటా ఎక్కువ తూస్తాండాదా?”

“రవ్వంత. కిలోకు ఐదు గ్రాములే గదమ్మా.”

“నీకు తెలిసే చేసినావా?”

“ధర్మానికే గదమ్మా చేసింది. కొనేవాళ్లు నాలుగు కాలాలు చల్లగా—”

“ఎవురి ధర్మం?” ఆమె గొంతు పెంచింది. పక్క గంపల దగ్గరివాళ్లు తలలు తిప్పారు. “తెల్లారి మూడింటికి లేసి గంపలు మోసుకొచ్చేది నేను. నా గంపలోంచి తీసి నువ్వు పుణ్యం చేస్తివా? సుబ్బమ్మా, ఇట్ల పెడతాండా, నీకు ఇష్టమేనా అని ఒక్కమాట నన్ను అడిగినావా?”

“అడిగితే వద్దనేదానివా?”

“అనేదాన్నో లేదో నాకేం తెలుసు! అడిగింటే గదా తెలిసేది!”

దస్తగిరి సంతకం కాగితం ముందుకు చాపాడు. ఎవునికి తక్కువైంది అని ఆ రోజు నందినిని అడిగాడు. ఆ పిల్ల రూలు చెప్పింది గానీ అసలు జవాబు ఇక్కడ గంప వెనకాల కూర్చొని ఉంది.

చిన్నసుబ్బమ్మ కాగితం లాక్కొని సంతకం పెట్టింది. “కాటా రేపు సరిచేసి తే. గ్రాము అటు కాకూడదు, ఇటు కాకూడదు,” అంది. ఈసారి ‘అన్నా’ అని పిలవలేదు.

పధ్నాలుగో రోజు దస్తగిరి సంతకాల కట్ట, కిలోరాయి, చివరగా మిగిలిన చిన్నసుబ్బమ్మ కాటా తీసుకొని పరీక్షా కేంద్రానికి పోయాడు. మిగతా కాటాలను కేంద్రం రాయి అడిగి తెచ్చుకొని ముందే సరిచేశాడు. రాయిని తలకిందులుగా పట్టుకొని, అడుగున సీసాన్ని డ్రిల్లుతో తానే తీశాడు. బూడిదరంగు పొట్టు బల్ల మీద రాలింది. అరవై ఏళ్ల సంగతి చిటికెడు కూడా లేదు. నందిని మూడుసార్లు తూచి, సరిగ్గా వెయ్యికి వచ్చాక ముద్ర కొట్టింది. ఆ రాయితోనే ఆయన చిన్నసుబ్బమ్మ కాటా సరిచేస్తే దానికీ ముద్ర వేసింది.

తర్వాత కంప్యూటరు ముందు కూర్చుంది. “తప్పుకు కారణం అడుగుతాంది తాతా. పరికరం అరగడం, నిర్లక్ష్యం, మోసం, ఇతరం. ఇతరం నొక్కితే ఒక్క వరుస రాసుకోవచ్చు. మీ నాయన కథ పట్టదు. మంచి ఉద్దేశంతో చేసినా అని రాసేదా?”

దస్తగిరి అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“వద్దు. సొంతదారులను అడక్కుండా చేసినా అని రాయి.”

నందిని ఆయన వైపు ఒకసారి చూసి, టైపు కొట్టి, పంపే బొత్తాం నొక్కింది. తెర కాసేపు గిరగిరా తిరిగింది.

“ఓటీపీ చెప్పండి తాతా.”

“యాడికొస్తాది?”

“మీ ఫోన్‌కే.”

“ఆ నంబరు ఫోను ఇంట్లో మైమూన్ దగ్గరుంది.”

మైమూన్‌కు ఫోన్ చేస్తే మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, అంకెలు చదువుతూ మధ్యలో పొయ్యి మీద పాలు పొంగాయని పోయింది. ఆమె తిరిగొచ్చేసరికి గడువు దాటిపోయింది. నందిని మొదటి నుంచీ అన్నీ మళ్లీ ఎక్కించింది. కారణం దగ్గరకు వచ్చేసరికి ఈసారి ఆయన్ను అడగలేదు, అదే మాట టైపు కొట్టింది.

మూడోసారికి అంకెలు సరిపోయాయి. లైసెన్సు ప్రింటరులోంచి వేడివేడిగా బయటికొచ్చింది. దస్తగిరి దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తోసి, “ఈ కాగితానికి పదిహేను దినాలు నన్ను కుక్కను తిప్పినట్టు తిప్పితిరి గదా!” అని అరిచినంత పని చేసి, స్కూటరు తీశాడు. మార్కెట్టు మూసేలోపు చిన్నసుబ్బమ్మకు కాటా ఇచ్చి రావాలి.