మజ్జిగతో ఆర్పిన ఒపేరా హౌస్

2024 ఆగస్టు 4, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, సిడ్నీలో ద పాండ్స్ అనే పేటలోని మా అమ్మాయి ఇంట్లో, భోజనాల బల్ల మీద ఒపేరా హౌస్ కట్టడం మొదలైంది. ఒపేరా హౌస్ అంటే ఇక్కడి హార్బర్ పక్కన తెల్లగా ఉండేది కాదు. ఇటలీలో, వెనిస్ నగరంలో ఉన్న పాతది. మా మనవరాలికి పదేళ్లు. బళ్లో ఒక్కొక్కరూ ఒక పాత కట్టడం ఎంచుకుని, నమూనా చేసి, దాని చరిత్ర ఐదు నిమిషాలు చెప్పాలి. పిల్ల జూలైలోనే ఈ బడికి మారింది. హాజరు పలకడానికి తప్ప నోరు విప్పడం లేదని టీచరు మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పింది. అందువల్ల ఆగస్టు 19, సోమవారం నాటి ఆ ఐదు నిమిషాల గురించి ఇంటిల్లిపాదికీ బెంగ పట్టుకుంది.

కట్టుబడి పిల్లది, లెక్కలు నావి. అట్టపెట్టెలు కోసి గుర్రపు నాడా ఆకారంలో ఐదు అంతస్తులు నిలబెట్టాం. ప్రేక్షకులు కూర్చునే గూళ్లు అంతస్తుకు పదిహేను, వెరసి డెబ్బై అయిదు. తెరకు నా ఎర్ర పట్టు రవిక ముక్క, గూళ్ల అంచులకు పాత చీర జరీ. పిల్ల డెబ్బై నాలుగే అతికిస్తే నేను ఊరుకోలేదు.

చరిత్ర కూడా నేనే వల్లె వేయించాను. ఆ భవనం 1792లో తెరిచారు. 1836లో తగలబడింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ కట్టేశారు. మా అల్లుడు పెరట్లో చిన్న పందిరి వేయించడానికి రెండేళ్లుగా ఆలోచిస్తున్నాడని పిల్ల గుర్తు చేసింది. నూట అరవై ఏళ్ల తరువాత, 1996లో మళ్లీ తగలబడింది. ఊరంతా నీళ్లే అయినా, సమయానికి పక్క కాలవలు బాగు చేయడానికని ఎండగట్టి ఉంచారట. మంటలార్పే పడవలు దగ్గరికి రాలేకపోయాయి. పిల్లకు ఇది నమ్మశక్యం కాలేదు. మా అల్లుడి తల్లి మాత్రం వెంటనే నమ్మేశారు. ఆవిడది తెనాలి, ఆరు నెలలు ఉందామని వచ్చారు. ఎండాకాలం తమ వైపూ కాలవలు కట్టేస్తారని, అందులో వింతేముందని అన్నారు. 2003 చివరికి గానీ ఆ భవనం మళ్లీ తెరవలేదు. అచ్చం పాతదానిలాగే కట్టారు.

ఆగస్టు 18, ఆదివారం మధ్యాహ్నానికి మా కట్టడం పూర్తయింది. పక్క వీధి ఆంటీ ఒకావిడ కరివేపాకు కోసం వచ్చి, నమూనా చుట్టూ తిరిగి, గూళ్లలో వేలు పెట్టి చూసి, తమ పిల్లలకు ఇంత ఓపిక లేదని మూడుసార్లు అని వెళ్లింది. తలుపు పడగానే మా వియ్యపురాలు కర్పూరం డబ్బా తీశారు.

"రెండుసార్లు కాలిపోయిన భవనానికి కర్పూరం ఏమిటి, వదినగారూ?" అన్నాను.

"ఎవరూ దిష్టి తీయకపోబట్టే కాలింది, వదినగారూ," అన్నారావిడ.

దిష్టి గుమ్మం బయట తీయాలి. కానీ ఆగస్టు గాలికి అగ్గిపుల్ల నిలవలేదు. సరే లోపలే అన్నారు. ఇక్కడి మన ఇళ్లలో పోపు పెట్టినా పొగ అలారం మోగుతుంది కనుక, వంటింటి దగ్గర దానికి ఎప్పుడూ స్నానాల టోపీ తొడిగే ఉంటుంది. ఆవిడ పళ్లెం మూడుసార్లు తిప్పారు. మూడో తిప్పులో కర్పూరం బిళ్ల జారి సరాసరి రెండో అంతస్తులో పడింది. అట్ట, జిగురు, జరీ, పట్టు. నేను కుళాయి తిప్పితే బుస్సుమంది, చుక్క రాలేదు. కారే కుళాయి మారుస్తానని మా అల్లుడు వీధి మీటరు దగ్గర నీళ్లు కట్టేసి, వాషర్ కొనడానికి బ్లాక్‌టౌన్ వెళ్లాడు.

పొయ్యి పక్కన రాత్రి మజ్జిగ పులుసుకని చిలికి పెట్టిన గిన్నె ఉంది. రెండు కిలోల పెరుగు. ఎత్తి పోశాను. ఆరిపోయింది. పొగ సందుల్లోంచి టోపీలోకి దూరి, అప్పుడు మోగింది అలారం.

టోపీ చింపి బొత్తాం నొక్కితే గానీ అది ఆగలేదు. మా వియ్యపురాలు పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆవిడ కళ్ల నిండా నీళ్లు. పొద్దున్న ఏడింటికల్లా మళ్లీ కట్టేద్దామని, అంతస్తుకు ఇన్ని నిమిషాలని, నేను గడగడా లెక్కలు చెప్పాను. పిల్ల వినలేదు. మజ్జిగ కారుతున్న నమూనా ముందు వంగి చూస్తోంది. ఎడమ పక్క మూడు అంతస్తులు నల్లబడి కూలాయి. కుడి పక్క బాగానే ఉంది.

"నో, అమ్మమ్మా. డోంట్ ఫిక్స్ ఇట్. ఈ సైడ్ బిఫోర్, ఈ సైడ్ ఆఫ్టర్. నేను ఇలాగే తీసుకెళ్తా," అంది. తరువాత నాన్నమ్మ చేతిలోంచి పళ్లెం తీసి పక్కన పెట్టింది.

సోమవారం అలాగే తీసుకువెళ్లింది. పులిసిన వాసన కారంతా పట్టుకుందని మా అల్లుడు గొణిగాడు. మూడున్నరకు ఇంటికి వచ్చిన పిల్ల బ్యాగ్ దించకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఇచ్చిన ఐదు నిమిషాలు దాటి పదకొండు మాట్లాడిందట. టీచరే గంట కొట్టి ఆపించిందట. క్లాసులో వెనిస్ గురించి ఇద్దరే అడిగారట.

"ద రెస్ట్ వాజ్ ఆల్ నాన్నమ్మ. శుక్రవారం నాన్నమ్మని తీసుకురమ్మన్నారు. విత్ ద ప్లేట్."

అంతమంది పిల్ల వంక చూశారంటే దిష్టి తగిలే ఉంటుందని మా వియ్యపురాలు లేచారు. నేను ముందే అగ్గిపెట్టె దాచాను.

నష్టం: మూడు అంతస్తులలో గూళ్లు ఇరవై రెండు. పట్టు రవిక ముక్క ఒకటి. జరీ రెండు మూరలు. పెరుగు రెండు కిలోలు. స్నానాల టోపీ ఒకటి. ఆ రాత్రి పులుసు.