రూతు రాసిన వాక్యం

మొన్న మా అమ్మాయి ఇంగ్లీషు నోట్సు చూస్తుంటే ‘వుడ్ హేవ్’ అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది.

నర్సీపట్నంలో నేను ఏడో తరగతి చదివేటప్పుడు, ఆ మాటతో ఒక వాక్యం రాసి తెమ్మన్నారు మా ఇంగ్లీషు టీచరు గారు. రోలుగుంట నుంచి బస్సులో వచ్చే రూతు ‘మై మదర్ వుడ్ హేవ్ లైక్డ్ దిస్ స్కూల్’ అని రాసింది. టీచరు గారు అది చదివి, రూతు తల నిమిరి, తన సిరా పెన్ను ఆమె చేతిలో పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ గురించి రాస్తే పెన్ను ఇస్తారనుకుని, మర్నాడు మా అమ్మ మీద అలాంటివే పది వాక్యాలు రాసి పట్టుకెళ్ళాను.

టీచరు గారు చదివి నన్ను పక్కకి పిలిచారు.

“ఏటే ఇది? మీ అమ్మ నిక్షేపంలా ఉంది కదా. వుడ్ హేవ్ అంటే, అలా జరిగుండేది గానీ జరగలేదని. ఆళ్ళమ్మ బతికుంటే ఈ బడి సూసి సంతోషించేదని రాసింది ఆ పిల్ల.”

రూతుకి అమ్మ లేదని నాకు అప్పుడే తెలిసింది. అయినా నా కుళ్ళు తగ్గలేదు. బెంచీ మీద కూర్చుని ఆ పెన్ను వైపే చూస్తుంటే రూతు గమనించింది.

“కావాలేటి? ఇయ్యాల నువ్వు రాసుకో,” అంది.

తీసుకున్నాను. సాయంత్రం దాకా దానితోనే రాసి, ఆమె బస్సెక్కే ముందు తిరిగి ఇచ్చేశాను. వాళ్ళ అమ్మ పేరేమిటని కూడా అడగలేదు. ఇప్పుడైతే ముందు అదే అడిగేదాన్ని.