రూతమ్మ మీద నేను రాసిన ఉత్తరం

ఒక ఇన్‌లాండు ఉత్తరం నా గుండెల మీద కూర్చుని చాలా ఏళ్లయింది. రాసింది నేనే. కింద సంతకం లేదు. మూఢనమ్మకాల మీద ఎన్నో వ్యాసాలు రాసి, ప్రతిదాని కిందా పొగరుగా పేరు పెట్టుకున్నవాణ్ణి, ఆ ఒక్కదానికే ఆకాశరామన్ననయ్యాను. నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వు ఆమెను ఎరగవు. ఎరిగుంటే నా మాట చివరిదాకా వినవు.

తొంభైల నడుమ కంబదూరు దగ్గర ఒక ఊళ్లో బడిపంతులుగా ఉండేవాణ్ణి. ఎస్సీ కాలనీలో రూతమ్మ ఉండేది. కుల సర్టిఫికెట్లో సుంకమ్మ, బాప్తిస్మంలో రూతమ్మ. ఆ పేటలో సగం మందికి ఇట్లా రెండేసి పేర్లు. చెనక్కాయల కూలికి పోయేది. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది. నన్ను "సామీ" అనొద్దని పోరగా పోరగా "అన్నా" అనడం మొదలుపెట్టింది. రాగిముద్ద పెట్టి, "దేవుడు లేడంటావు, ఆకలి మాత్రం ఉండాది కదన్నా!" అని ఎగతాళి చేసేది. మా అమ్మ తర్వాత నన్ను అట్లా వెక్కిరించగలిగింది ఆమె ఒక్కతే.

ఆ ఏడు సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. ఊరి పెద్దరైతు తన జీతగాడి భార్యను నిలబెట్టాడు. పేటవాళ్లు రూతమ్మను నిలబెట్టారు. ఆమె మాట ఇచ్చింది ఒక్కదానికే: పేటలో కొళాయి. అప్పటిదాకా పేట ఆడవాళ్లు ఆ రైతు బోరు కాడ బిందెలు దించి, ఎడంగా నిలబడి, ఎవరైనా వచ్చి నీళ్లు పోసేదాకా కాచుకోవాలి. తొట్టి ముట్టుకోకూడదు. బాప్తిస్మం తీసుకున్నా తొట్టి దూరమే. క్రైస్తవులైతే ఎస్సీ హక్కు ఉండదంటుంది చట్టం. ఆ చట్టం ఎంత అన్యాయమో నేనే ఒక వ్యాసంలో చీల్చి చెండాడాను.

మరి ఆ ఉత్తరం ఎందుకు రాశాను?

నామినేషన్లకు ముందు, చర్చి వాకిట్లో ఆమెకు సలహా ఇచ్చాను, ఓట్లయ్యేదాకా చర్చి మానుకోమని. అందరి ముందూ అడిగింది: "కులం మీరు అంటగట్టినారు. యేసయ్యను నేను పట్టుకున్యా. ఇడిసిపెట్టాల్సింది దేన్ని? ఇంత సదివినావు, నువ్వే చెప్పన్నా." జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. పట్నం సభల్లో పండితుల నోళ్లు మూయించినవాణ్ణి కదా, ఇల్లు చేరేసరికి ఆ నవ్వు లోపల ముల్లయింది. హిందువునని సర్టిఫికెట్ చూపి పోటీ చేస్తూ చర్చిలో పాడటం కపటం కాదా, నిజం ఎవరో ఒకరు చెప్పాలి కదా అని నాతో నేనే వాదించుకున్నాను. ఆ వాదనలో ఎదుటిపక్షం లేదు. అందుకే గెలిచాను. కళ్యాణదుర్గం పోయి, ఆమె బాప్తిస్మం ఏ చర్చిలో, ఏ రోజు జరిగిందో ఎన్నికల అధికారికి రాసి డబ్బాలో వేశాను. ఆ తేదీ నాకెలా తెలుసు? బాప్తిస్మానికి నన్ను పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టింది ఆమే.

చర్చి రిజిస్టరు తెప్పించారు. నామినేషన్ కొట్టేశారు. ఆ సాయంత్రమే ఆమె నా ఇంటికి వచ్చింది.

"ఎవడో ఆకాశరామన్న రాసినాడంటన్నా. నువ్వే ఒక అర్జీ రాయల్ల."

"ఎవరనుకుంటున్నావు?"

"యాడ తెలుస్తాది? వాని చెయ్యి పడిపోవాలని ప్రార్థన చేసినా మొదట. మళ్ల, పాపమని మార్చుకున్యా."

"ఏమని?"

"చెయ్యి బాగుండనీ ప్రభువా, బుద్ధి మాత్రం మా అన్న మాదిరిది ఇయ్యి, అని."

ఏడుపు మొహంతోనే నవ్వింది. ఆ చేత్తోనే అర్జీ రాశాను. బాగా రాశాను. పనికి రాలేదు. జీతగాడి భార్య గెలిచింది. సంతకం ఆమెది, మాట రైతుది. ఐదేళ్లు పేటకు కొళాయి రాలేదు. వానలు లేని ఏళ్లలో బడికి పోతూ, బోరు కాడ బిందెతో నిలబడ్డ రూతమ్మను చూసేవాణ్ణి. ప్రతిసారీ ఆమే ముందు పలకరించేది.

కపటం ఎవరిది? ఆమెకు పేర్లు రెండు, మనిషి ఒక్కతే. నాకు పేరు ఒక్కటే.

తర్వాత నాకు బదిలీ అయింది. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు పోయి చెప్పొచ్చు. చెబితే తిడుతుంది, ఏడుస్తుంది, చివరికి క్షమిస్తుంది. నాకు తెలుసు. అందుకే పోలేదు. ఆమె నమ్మిన దేవుణ్ణి ఇన్నాళ్లూ కాదంటూ వచ్చి, అవసరం పడ్డప్పుడు ఆయన పేరున దొరికే క్షమను చల్లగా జేబులో వేసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. లేక ఇదీ పిరికితనానికి నేను వెతుక్కున్న మంచి వాదనేనా? అయ్యుండొచ్చు. నా వాదనలను నేను నమ్మడం మానేసి చాలా రోజులైంది.

నీకు మాత్రం చెప్పేశాను. నన్ను మంచివాడనుకునేవాళ్లలో ఒకరు తగ్గారు. ఆ మేరకు హాయిగా ఉంది.