మా అమ్మకి కప్పిన శాలువా

పొద్దున మాస్టారి మనవరాలు పాత అట్టపెట్టె ఒకటి తెచ్చి పాక గుమ్మంలో దులిపింది. పాత కాగితం, మైదా జిగురు కలిసిన వాసన ముక్కుకి తగలగానే నాకు నోరూరింది. గేదెకి కాగితం మీద ఇంత మమకారమేమిటని నవ్వుకోకండి. నా బాల్యం సగం సాహిత్యంలోనే గడిచింది.

బంటుమిల్లి దగ్గర ఊరు మాది. తొలకరికి తడిసిన వరిగడ్డి వాసన, తౌడు కలిపిన వెచ్చటి కుడితి, కాలువలో మెడదాకా మునిగిన అమ్మ, అమ్మ వీపు మీద కొంగ, గట్టు మీద గంతులేసే నేను, ఇదే మా లోకం. దున్నపోతు మీద వాన కురిసినట్టు అని మనుషులు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు గానీ, ఆ వాన ఎంత హాయిగా ఉంటుందో మమ్మల్ని ఒక్కళ్ళూ అడగలేదు.

మమ్మల్ని సాకే తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆవు మీద శతకం మొదలుపెట్టారు. ఇంట్లో ఆవు లేదు. అందుకని మా పాకలో ముక్కాలిపీట వేసుకుని, అమ్మ కళ్ళు చూసి ఆవు కళ్ళు, అమ్మ పొదుగు చూసి ఆవు పొదుగు వర్ణించి, రాసింది రాగం తీసి మాకే వినిపించేవారు. ఆయన పద్యాల్లో మా కొంగ హంసయింది, కాలువలో పెరిగే గుర్రపుడెక్క కలువపూలయింది, అమ్మేమో తెల్లబడిపోయింది. అమ్మ నెమరేస్తూ అన్నీ వినేది. తన ఊసు ఎక్కడా రాలేదని ఉక్రోషం నాకే.

"జున్నూ పెరుగూ దీనివి, పద్యాలు మాత్రం ఆవుకాండీ?" అనేవారు ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు.

"కావ్యానికి గేదె నప్పదే," అనేవారు మాస్టారు.

తెల్లారితే గుడివాడ సభలో శతకం చదవాలనగా, మాస్టారు నోటుబుక్కు గడ్డిమోపు మీద పెట్టి కాఫీకి వెళ్ళారు. ఉక్రోషమో, జిగురు రుచో, ఆఖరి కాగితం నమిలేశాను. నూట ఎనిమిదో పద్యం కాస్త ఉప్పగా ఉంది.

"దూడ మీ ఆవుని తినేసిందండీ!" అని రాజ్యలక్ష్మిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మాస్టారు తల పట్టుకుని కూలబడ్డారు. ఒక పద్యం తక్కువైన శతకంతో సభకెళితే నవ్వులపాలే. పోయినదాన్ని ఎంత గుర్తుచేసుకున్నా రాలేదు. సాయంత్రం దాకా కాలువగట్టున కూర్చుని అమ్మనే చూసి చూసి, చివరికి కనిపించిందే రాశారు: నల్లటి వీపు, దాని మీద కొంగ, నీళ్ళ మీద తేలే ముక్కు, గట్టు మీద దొంగదూడ.

మర్నాడు గుడివాడ బస్సు దిగి, కాళ్ళయినా కడుక్కోకుండా తిన్నగా పాకలోకి వచ్చారు. "ఏమేవ్, ఆ ఒక్కటీ మూడుసార్లు చదివించారే!" అని భార్యని కేకేసి, సభలో తనకి కప్పిన శాలువా తీసి అమ్మకి కప్పారు. అమ్మ దాన్ని వాసన చూసి, ఒళ్ళు విదిలించి పేడలో పడేసింది. నాకు మాత్రం ఆనందంతో తోక ఆగలేదు.

ఇప్పుడు ఆ పొలాలన్నీ చేపల చెరువులు. వరిగడ్డి లారీలో వస్తోంది. మాస్టారు లేరు, అమ్మ లేదు, ముక్కాలిపీట ఏమైందో తెలీదు. మనవరాలు పెట్టెలోంచి ఆ నోటుబుక్కు తీసి ఆఖరి పద్యం రాగం తీసి చదివింది. ఇంట్లో అందరికీ తెలిసిన కథే కదా, చదవడం కాగానే నన్ను అనుమానంగా చూసి, నోటికి అందకుండా పుస్తకం వెనక్కి దాచుకుంది.

పిచ్చిపిల్ల! మా అమ్మ ఉన్న కాగితాన్ని నేనెందుకు తింటాను?