యాచారం కూటంలో నేను చెప్పని సగం

వెళ్లేటప్పుడు కాపాడి, వచ్చేటప్పుడు గద్దించిన దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ ప్రయాణం గురించి రాయడానికి నేనుండేవాణ్ణి కాదు. ఇంకొక తల్లి కూడా ఉండేది కాదు.

యాచారం దాటాక ఒక పల్లెలో మన సంఘం శనివారం ఉపవాస కూటం పెట్టింది. అక్కడ కరెంటు నమ్మకం లేదు. అందుకని జనరేటరూ మైకు పెట్టెలూ ట్రాలీలో వేసి, నా కారు వెనక కట్టుకుని తెస్తానని నేనే మాటిచ్చాను. శుక్రవారం మధ్యాహ్నం చంపాపేట్‌లో మెకానిక్ శంకర్‌కు కారు చూపించాను. అతను నాలుగు చక్రాలూ విప్పి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"బ్రేకు ప్యాడ్లు అరిగినయ్ సార్. బ్రేక్ ఆయిల్ నల్లగయింది. ఉత్త కారైతే ఎట్లనో నడుస్తది. ఎనక ట్రాలీ కడితే గా బరువంతా కారును నూకుతది. వేడెక్కితే పెడల్ లోపలికి పోతది. జర సాయంత్రం దాకా ఆగుండ్రి, చేసిస్త."

సాయంత్రం నాకు పాటల అభ్యాసం ఉంది. "దేవుని పనికి వెళ్లే బండి శంకర్. ఆయనే చూసుకుంటాడు" అన్నాను. శంకర్ పానా అందుకున్నాడు. చక్రాలు బిగించి తాళం చేతికిచ్చాడు. దేవుణ్ణి పరీక్షించకూడదని ఇరవై ఏళ్లుగా ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పుతున్నది నేనే.

కారు ముందు ఉపవాస కూటం బోర్డు కట్టుకుని శనివారం ఉదయం అయిదు నలభైకి దిల్‌సుఖ్‌నగర్‌లో బయల్దేరాం. నా పక్కన మన సంఘస్థుడు ఏసోబు. నల్లగొండవాడు, ఆటో నడుపుతాడు. ఆరుంబావుకి ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డెక్కాం. తుర్కయంజాల్ దగ్గర ట్రాలీ పాము తోకలా అటూ ఇటూ ఊగింది.

"దించుకోను సులువని జనరేటర్‌ను చివర్ల పెట్టినం అన్న. గందుకే ఊగుతుంది" అన్నాడు ఏసోబు. కారు ఆపి, ఇద్దరం దాన్ని ట్రాలీ చక్రాల పైకి, కాస్త ముందుకు జరిపి తాడుతో కట్టాం. ఊగడం ఆగింది. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ఏడింటికి ఇబ్రహీంపట్నంలో టీ. కప్పు పదిహేను రూపాయలు. ఏసోబు ముక్కు ఎగబీల్చాడు.

"ఏందో మాడుతున్న వాసనొస్తుంది అన్న."

"టీ కొట్టు పెనం వాసనయ్యా."

"గీడ పెనమేడుంది?"

ఆలస్యమైపోతోందని కారెక్కించాను.

ఏడు నలభైకి యాచారం దాటాక వాగు వైపు పొడుగాటి దిగుడు వచ్చింది. కింద ఒక గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. మంద వెనక ఒకామె. బ్రేకు తొక్కాను. పాదం మెత్తగా అడుగు దాకా పోయింది. మళ్లీ తొక్కాను. వెనక నుంచి ట్రాలీ తోస్తూనే ఉంది. నా నోట ప్రార్థన కూడా రాలేదు.

"రెండో గేర్ల ఎయ్యన్న! ఎయ్!" అని అరిచి ఏసోబు హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగాడు. కారు గర్జించింది, గునిసింది, చివరికి పక్కనున్న మట్టికట్టకు గుద్దుకుని ఆగింది. ఏసోబు నుదురు ముందు అద్దానికి తగిలి చిట్లింది. ఆమెకూ మా బంపర్‌కూ మధ్య బారెడు దూరం కూడా లేదు.

ఆమె కర్ర ఊపుతూ దగ్గరికొచ్చింది. "ఓ సారూ! బండికి దేవుని బోర్డు కట్టినవ్, బ్రేకు కట్టుడు మర్సినవా?"

పల్లెవాళ్లు ట్రాక్టర్ తెచ్చి ట్రాలీనీ మమ్మల్నీ కూటానికి తీసుకుపోయారు. కారు అక్కడే వదిలేశాం.

పదకొండున్నరకు, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పే సాక్ష్యాల సమయం. పాస్టరు గారు నన్ను లేచి చెప్పమన్నారు. బ్రేకు పడలేదని, దేవదూత కనపడని చెయ్యి అడ్డంపెట్టి కారును ఆపాడని చెప్పాను. శంకర్ మాట చెప్పలేదు, మాడు వాసన చెప్పలేదు. పందిరంతా "స్తోత్రం" అని మారుమోగింది. తలకు కట్టుతో ముందు వరసలో కూర్చున్న ఏసోబు మాత్రం చాప వైపు చూస్తున్నాడు.

మూడుంబావుకి ఎల్బీనగర్ బస్సు దొరికింది. టికెట్ చెరి అరవై. ఎక్కిన కాసేపటికే పాస్టరు గారు ఫోన్ చేశారు. "అన్నా, ఆ సాక్ష్యం రేపు మన దిల్‌సుఖ్‌నగర్ ఆరాధనలోనూ చెప్పండి." సరేనన్నాను. ఏసోబు విన్నాడు.

"దేవదూత చెయ్యి అన్నవ్ గద అన్న," అన్నాడు కిటికీలోంచి చూస్తూనే. "గా చెయ్యి నాదే. ఇగో, ఇంక నొస్తుంది."

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

అయిదింటికి ఎల్బీనగర్‌లో దిగి, ఏసోబును ఇంటికి పంపి, ఆటోలో చంపాపేట్ వెళ్లాను. శంకర్ నన్ను చూడగానే అడిగాడు: "కారేది సార్?"

చెప్పాను. అంతా చెప్పాను. "చెప్పిన గద" అంటాడని తల వంచుకుని నిలబడ్డాను.

"మనుషులకేం కాలే గద?" అన్నాడు. తర్వాత చేతిలోని పానా కిందపెట్టాడు. "తప్పు నాదే సార్. తెలిసి తెలిసి తాళం నేనే ఇచ్చిన. మీరు దేవుని మాట జెప్పంగనే నా నోరు పడిపోయింది. రాత్రంతా గదే పరేషాన్."

దేవుని పేరు చెప్పి ఒక నిజాయితీపరుడి నోరు మూయించాను. అతని తప్పు కాని తప్పును రాత్రంతా అతనితో మోయించాను. దిగుడులో వేయని భయం, ఆ షెడ్డులో వేసింది.

మీలో ఎవరైనా కూటాలకు ట్రాలీ కట్టుకుని వెళ్తుంటే ముందు బ్రేకులు చూపించండి. మెకానిక్ వద్దంటే ఆగండి. దిగుడు రాకముందే గేరు తగ్గించండి. ఇంతకంటే చెప్పే అర్హత నాకు లేదు.

ఇంటికి చేరేసరికి ఏడయింది. ఇది రాస్తున్నప్పుడు ఆరాధన రేపే. లేచి నిలబడగానే మళ్లీ ఆ "స్తోత్రం" వినాలని నా చెవులు కోరుకుంటాయని నాకు తెలుసు. అందుకే ఈ రాత్రే ఇది పంపి మిమ్మల్ని బతిమాలుతున్నాను, ఈ ఒక్క మాట నాతోపాటు ప్రార్థించండి: ప్రభువా, రేపు ఇతను ఏసోబు పేరు, శంకర్ పేరు, ఆ గొర్రెల తల్లి అడిగిన మాట చెప్పేదాకా ఇతన్ని కూర్చోనివ్వకు. ఆమేన్.