అనంతగిరి గుట్టల మీద బావ ముందు నడిచిన ఆదివారం

ఈ మార్చిలో మా ఆయనకు గుండెకు స్టెంట్ వేశారు. మేముండేది నాచారంలో. ఆయన మల్లాపూర్‌లో ప్లాస్టిక్ డబ్బాలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. నాకు మేనత్త కొడుకు, అందుకే పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తాను. ఆ రోజు డ్యూటీలో ఛాతీ పట్టుకుని కూలబడితే తోటివాళ్ళు ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. నేను చేరేసరికే లోపలికి తీసుకెళ్ళారు. మూసిన తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో గానీ, ఇంటికి వచ్చాక కూడా నేను అక్కడే నిలబడి ఉన్నట్టుండేది. నీళ్ళ బకెట్ ఎత్తనిచ్చేదాన్ని కాదు. బట్టలారేయడానికి మేడ మీదికి పోతే వెనకే వెళ్ళేదాన్ని. రాత్రుళ్ళు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసేదాన్ని.

సెప్టెంబరులో పరీక్షలన్నీ చేసి డాక్టరు గారు, "అంతా బాగుంది. ఇక మీరు చిన్నపాటి కొండైనా ఎక్కొచ్చు" అన్నారు. ఆయన మాటవరసకే అన్నారు. బావ మాత్రం ఆ మాటను మందుచీటీలా పట్టుకున్నాడు. బయట మెట్లు దిగుతూనే, "విన్నవ్ గదా రమా, కొండెక్కాల్నట" అన్నాడు. వారం రోజులు వాదించి ఓడిపోయాక, నగరానికి దగ్గరలో అన్నింటికన్నా సులువైన కొండదారి ఏదో నేనే వెతికాను. వికారాబాద్ పక్కన అనంతగిరి తేలింది. అడవి మధ్యలో గుట్ట నడుము మీదుగా సాగే కాలిబాట, పెద్ద ఎక్కుడు లేదు, చివర లోయ కనిపించే చోట్లు రెండు మూడు ఉంటాయి, పిల్లలు కూడా నడుస్తారు అని చదివాక కాస్త ధైర్యం వచ్చింది.

అక్టోబరు మొదట్లో ఒక ఆదివారం తెల్లారుతుండగా బయల్దేరాం. ఆదివారాలు మెట్రో ఆలస్యంగా మొదలవుతుందని హబ్సిగూడ మెట్రో స్టేషన్ దాకా పోకుండా నేరుగా సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కే ఆటో మాట్లాడుకున్నాం. ఆ వేళలో రోడ్లు ఖాళీ కాబట్టి ఇరవై నిమిషాల్లో దింపేశాడు. జనరల్ టికెట్ ఇద్దరికీ కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. గంటన్నర ప్రయాణం. లింగంపల్లి దాటాక మేడలు పలచబడి, పత్తి చేలూ కంది చేలూ మొదలయ్యాయి. బావ కిటికీ దగ్గర కూర్చుని చంటిపిల్లాడిలా చూస్తున్నాడు. నేను ఒళ్ళో సంచి తెరిచి గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు, బీపీ మిషను, గ్లూకోజు డబ్బా మరోసారి తడిమి చూసుకున్నాను.

వికారాబాద్ స్టేషన్ బయట టిఫిన్ బండి మీద ఇడ్లీ తిని, గుట్ట మీదికి రెండొందలకు ఆటో మాట్లాడుకున్నాం. దారి పొడుగునా రెండు వైపులా చెట్లు కమ్ముకుని, ఆటోలో కూడా చలి తగిలింది. డ్రైవరు నడివయసు మనిషి, బాగా మాటకారి. నేను బావ భుజం చుట్టూ శాలువా కప్పడం అద్దంలో చూసి, "ఏమైందక్కా, అన్నకు పానం బాగలేదా?" అన్నాడు.

"గుండెకు ఆపరేషన్ అయింది తమ్మీ, జర నిమ్మళంగ పోనీ" అన్నాను.

"నాకేం గాలే అన్నా, మస్తుగున్న. ఈమెకే ఫికర్ బీమారీ పట్టింది" అన్నాడు బావ. డ్రైవరు పడీపడీ నవ్వాడు. దిగులు జబ్బట! నాకు ఒళ్ళు మండింది.

గుడి దగ్గర దిగి, అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకుని, అటవీశాఖ వాళ్ళ గేటు దగ్గర చిన్న రుసుము కట్టి దారిలోకి వచ్చేసరికి తొమ్మిది దాటింది. వానలు అప్పుడే తగ్గిన రోజులు. నేలంతా తుప్పు రంగు రాళ్ళు, వాటి మధ్య మోకాలెత్తు గడ్డి, పైన టేకు ఆకులు పళ్ళేలంత వెడల్పున పరుచుకుని ఉన్నాయి. మా ఇళ్ళకు కాస్త దూరంలో నల్లగా పారే మూసీ ఈ గుట్టల్లోనే పుడుతుందట. బాట ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పుంది. కాసేపు మెల్లగా పైకి పోతుంది, మళ్ళీ చదునుగా సాగుతుంది. నేను పది నిమిషాలకొకసారి బావను ఆపి నీళ్ళు తాగించాను. రెండుసార్లు బండ మీద కూర్చోబెట్టి బీపీ కూడా చూశాను. మమ్మల్ని దాటిపోతున్న కాలేజీ పిల్లలు వింతగా చూశారు. బావ ముఖం చిన్నబోయింది.

ముప్పావు గంట నడిస్తే లోయ కనిపించే మొదటి చోటు వచ్చింది. చెట్లు ఒక్కసారిగా పక్కకు తొలగి, కాళ్ళ కింద లోయ విచ్చుకుంది. దూరంగా పచ్చని గుట్టల వరసలు, వాటి మీద మబ్బు నీడలు మెల్లగా కదులుతున్నాయి. అక్కడే ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకుని అమ్ముతోంది. పేరు లచ్చవ్వ అని చెప్పింది. పక్క ఊరే. కిలో అరవై అంటే యాభైకిచ్చింది. పండు విప్పుకుని తింటుండగా, "గీడికెల్లే వాపస్ పోకుండ్రి. గా ముంగటి గుట్ట మీదికెల్లి సూస్తే ఇంకా మంచిగ కనబడ్తది. జర ఎక్కుడుంటది గంతే" అంది.

బావ లేచాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. "వద్దు బావా. వచ్చినం, చూసినం, చాలు."

"అర్ధగంట నడక రమా. పోయొద్దాం."

"ఎక్కుడంటోంది వినలేదా? నీకేమన్న అయితే ఈ అడవిల నేనెవ్వర్ని పిలవాలె?"

బావ గొంతు పెంచకుండానే అన్నాడు: "ఆర్నెల్ల సంది నువ్వు నా మొకం సూస్తలేవ్ రమా. నా ఛాతీ దిక్కే సూస్తున్నవ్. నేను బతికే ఉన్న గదా!"

ఆయన చెయ్యి విడిపించుకుని గుట్టవైపు నడిచాడు. కోపంగా కాదు, మామూలుగానే. చెట్ల మధ్య నీలం చొక్కా కాసేపు కనిపించి మాయమైంది.

బండ మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. "పోయి రానియ్యి బిడ్డా, మొగోడు తప్పిపోతడా?" అంటూ లచ్చవ్వ తన బేరంలో పడింది. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. అరగంట అయింది, ఇంకో పావుగంట గడిచింది. అప్పుడు వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. పెద్ద కోతి ఒకటి నా సంచి ఈడ్చుకుంటూ చెట్టెక్కుతోంది. పండ్ల వాసనకు వచ్చినట్టుంది. లచ్చవ్వ కర్ర పట్టుకుని అరిచింది, నేను రాయి విసిరాను. అది తీరుబడిగా కొమ్మ మీద కూర్చుని గ్లూకోజు డబ్బా విప్పి, పొడి మొహాన చల్లుకుని, సంచిని లోయలోకి జారవిడిచింది. మాత్రలు, బీపీ మిషను అన్నీ అందులోనే పోయాయి.

ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. పైన బావ ఉన్నాడు, మాత్రలు లేవు. చెప్పులు చేతబట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను. ఎక్కుడు నిజానికి అంత కష్టమైందేం కాదు, మామూలుగా నడిస్తే ఎవరైనా నడవగలరు. నేను పరిగెత్తాను. చీర కుచ్చెళ్ళు ముళ్ళకు పట్టుకుంటే లాగి చింపుకున్నాను. ఎదురొచ్చిన వాళ్ళనల్లా నీలం చొక్కా మనిషిని చూశారా అని అడిగాను. ఎవరో పైకి చెయ్యి చూపించారు. చూపించిన ఆ చెయ్యి మంచికో చెడుకో తెలియక ఇంకా వేగంగా ఎక్కాను.

చివరి మలుపు తిరిగితే, పైన విశాలమైన బండ మీద బావ నిలబడి ఉన్నాడు. ఎవరిదో కుటుంబానికి ఫోటో తీస్తున్నాడు. "అమ్మా, జర ఎడమకు జరుగు, పాప మొకం కనబడ్తలేదు" అంటున్నాడు. నన్ను చూసి ఫోన్ వాళ్ళ చేతిలో పెట్టి పరుగున వచ్చాడు. నేను రొప్పుతూ అక్కడే కూలబడ్డాను.

"గిట్లెందుకు ఉరికొచ్చినవే? మెల్లగ ఊపిరి తీస్కో. మెల్లగ" అంటూ పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకున్నాడు, సరిగ్గా నేను ఆయనకు రోజూ చేసినట్టే. చేతిరుమాలుతో విసిరాడు. ఆ కుటుంబంలోని ఆవిడ మంచినీళ్ళిచ్చింది.

"కోతి... మాత్రలు..." అన్నాను.

బావ చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. "ఇవి లేకుండ ఇల్లు దాటుతనా? నాకు మాత్రం భయం లేదా రమా? రాత్రి నువ్వు వేలు పెట్టి సూసినప్పుడల్లా నేను మెలకువగనే ఉంటి."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు ఆయన నవ్వాడో నేను నవ్వానో గుర్తులేదు. ఆయన ఎండకు కాస్త నల్లబడ్డాడు, గడ్డం అక్కడక్కడ తెల్లబడింది, కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. ఈ మార్పులు ఎప్పుడు వచ్చాయో నాకు తెలియలేదు. చాలాసేపటికి గానీ లోయవైపు తిరగలేదు. లచ్చవ్వ చెప్పింది నిజమే. మొదటి చోటు కంటే ఇక్కడ చూపు రెండింతలు సాగుతుంది. దూరంగా చెరువొకటి తళుక్కుమంటోంది, అడవి మీద ఎండ పొరలు పొరలుగా పడుతోంది. బండ మీద కాళ్ళు చాపుకుని, ఎవరి నాడీ ఎవరూ చూడకుండా ఒక గంట కూర్చున్నాం.

దిగేటప్పుడు బావ ముందు, నేను వెనక. గుడి దగ్గర మిరపకాయ బజ్జీలు కనిపిస్తే నేను తిన్నాను, ఆయన చాయ్ మాత్రమే తాగాడు. అక్కడ ఒక్క ఆటో కూడా ఖాళీ లేకపోవడంతో చాలా దూరం రోడ్డు మీదే నడిచాక ఒక షేర్ ఆటో దొరికింది. వికారాబాద్ బస్టాండులో పల్లెవెలుగు బస్సెక్కి, నేను బావ పర్సులో దాచిన నా ఆధార్ చూపించి ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. బావ డబ్బులిచ్చి టికెట్ కొన్నాడు. చీకటి పడేలోపు ఇల్లు చేరాం.

నా భయం పోయిందని చెప్పను. ఇప్పటికీ ఆయన ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే ఎత్తేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంటాను. కానీ భయమున్నది నాకొక్కదానికే అనుకుని ఆరు నెలలు దాన్ని ఒంటరిగా మోశాను. అది ఇద్దరిదీ అని ఆ బండ మీద తెలిశాక బరువు సగమైంది. ఇప్పుడు పొద్దున్నే ఆయన నడకకు బయల్దేరితే తలుపు దాకా వచ్చి ఆగిపోతున్నాను. వచ్చే నెల భువనగిరి కోట ఎక్కుదామంటున్నాడు. మెట్లెన్ని ఉంటాయని నేను అడగలేదు, ఏ ఆదివారం అని అడిగాను.

వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్క మాట: పొద్దున మిమ్మల్ని గుట్ట మీద దింపిన ఆటో అన్నతోనే తిరుగు ప్రయాణం కూడా మాట్లాడుకుని, ఎన్నింటికి రావాలో అప్పుడే చెప్పేయండి. పైన ఫోన్ కలవదు, మధ్యాహ్నం దాటితే ఖాళీ ఆటో దొరకదు.