లేపొద్దన్నాను

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం, నన్ను బోధన్ పశువైద్యశాలకు అసిస్టెంట్ డైరెక్టరుగా వేశారు. హోదా పేరు ఏదైనా, చేసేది కత్తీ సూదీ పనే. ఆ చుట్టుపక్కల బర్రెల డాక్టర్లకు కొదవ లేదు. గుర్రం వస్తే మాత్రం అందరూ నావైపు చూసేవారు.

ఒకరోజు పొద్దున ఖాదర్ భాయ్ కుంటుతున్న తెల్ల గుర్రాన్ని నడిపించుకొచ్చాడు. బారాత్‌లలో పెళ్లికొడుకును ఎక్కించే గుర్రమది. అతని ఇల్లంతా దాని మీదే బతుకుతోంది. చెరుకు తోట ముళ్లకంచెకు తొడ చీరుకుపోయింది. పడుకోబెట్టి కుట్టాల్సిందే.

గుర్రానికి మత్తు అంటే హాయిగా నిద్రపోవడం కాదు. కదలకుండా పడి ఉన్నా ఒళ్లు లోపల తల్లడిల్లుతూనే ఉంటుంది. రక్తపోటు పడిపోతుంది, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. గ్యాసు మత్తయితే కోత పెట్టకపోయినా పెరుగుతుంది. సూది మత్తులో ఆ బాధ కొంత తక్కువ. అందుకే సూది మత్తే ఇచ్చి, సెలైన్ ఎక్కిస్తూ, కళ్లకు గుడ్డ కట్టి, చెవుల్లో దూది పెట్టి కుట్టాను.

కుట్లు పూర్తయ్యేసరికి నిజామాబాద్ నుంచి జాయింట్ డైరెక్టర్ తనిఖీకి దిగారు. జిల్లాలో నా పైఅధికారి, సర్వీసంతా బర్రెలతో గడిపిన మనిషి. బర్రె పక్కకు పడి ఉంటే కడుపు ఉబ్బుతుంది కాబట్టి త్వరగా లేపి కూర్చోబెడతాం. గుర్రం తల కదిపిందో లేదో, ఆయన అదే అలవాటుతో, "తోక పట్టి లేపుండ్రి, ఏం చూస్తున్నరు?" అని కేకేశారు. అటెండర్లు తాళ్లు అందుకున్నారు.

సగం మత్తులో బెదరగొడితే గుర్రం కాళ్లు నిలవకముందే లేస్తుంది, కూలబడుతుంది, కాలు విరగ్గొట్టుకుంటుంది. నాకు ఒళ్లు మండింది. దాని మెడ మీద మోకాలు ఆనించి, తల లేవకుండా పట్టుకుని, ఎవరూ ముట్టుకోవద్దన్నాను. ఆయన మెమో ఇస్తానన్నారు. ఇచ్చుకోమన్నాను.

ఖాదర్ భాయ్ భయపడిపోయి, "డాక్టరమ్మా, పెద్దసారు శెప్తుండు గదా, లేపుదమా?" అన్నాడు.

"గుర్రం నీది, మత్తు నాది. జర ఊకో భాయ్," అన్నాను.

కళ్ల మీది గుడ్డ ఎత్తి చూస్తూ ఉండి, దాని చూపు కుదురుకున్నాక గుడ్డ తీసేసి నేను పక్కకు తప్పుకున్నాను. అది తనంతట తానే ముందుకాళ్లు చాపి, ఒక్క ఊపున లేచి నిలబడింది. జాయింట్ డైరెక్టర్ జీపెక్కారు.

మెమో వచ్చింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ప్రతి గుర్రానికీ అదే చేశాను. పశువుకు మత్తిచ్చిన డాక్టరు, అది తన కాళ్ల మీద నిలబడే వరకు, ఎవరి కిందా పనిచేయదు.